పక్కన కూర్చున్న పిల్ల

మొన్న ఆదివారం మండలాఫీసులో టీచర్ల మీటింగు జరిగింది. ఢిల్లీ ప్రభుత్వం జిల్లాకొక బడి పెడుతుందట. పల్లెల్లో తెలివైన పిల్లలను పరీక్ష పెట్టి ఏరుకుంటుందట. తిండీ బట్టా ఇచ్చి చదివిస్తుందట. ఇది మంచిదా, అన్యాయమా అని వాదన. సగం మంది మంచిదన్నారు, సగం మంది మిగతా పిల్లల గతేమిటన్నారు. అంతలో కొత్తగా వచ్చిన మాస్టరొకాయన లేచి, "కన్యకమ్మగారు చెప్పల్ల. పన్నెండేండ్ల కిందటే ఇట్లాంటి బడికి పిల్లను పంపించిన టీచరమ్మ" అన్నాడు. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తలనొప్పిగా ఉందని చెప్పి చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.

తలనొప్పీ లేదు, పాడూ లేదు. ఆ చప్పట్లు భరించలేకపోయాను, అంతే. ఆ పిల్లను నేను పంపించిన మాట నిజం. ఎవరిని పంపించానో, ఎవరిని పంపించలేదో మాత్రం ఆ చప్పట్లు కొట్టినవాళ్ళకు తెలియదు. ఇన్నాళ్ళూ నేనూ ఎవరికీ చెప్పలేదు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళ వీధి బడిలో నేను టీచర్ని. మా నాయనది కదిరిలో కిరాణా అంగడి. నా నోరు మంచిది కాదని ఈ వీధంతా అంటుంది. అననీ. ఎనిమిదో తరగతిలో క్లాసుకంతా మొదటిదాన్నయితే, మా నాయన మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆ ఏడే నాకు పెళ్ళి చేశాడు. ఇరవై నిండకముందే భర్త పోయాడు. అప్పుడుగానీ నన్ను ట్రైనింగుకు పంపడానికి ఇంట్లోవాళ్ళకు మనసు రాలేదు. అందుకే తెలివైన ఆడపిల్ల కనిపిస్తే నేను నిలవలేను. నా కోపమంతా ఆగిపోయిన నా చదువు గురించిందే.

డెబ్బై ఐదులో నా దగ్గర నాలుగో తరగతిలో రామాంజినమ్మ అని ఒక పిల్ల ఉండేది. రెండు మగ్గాలున్న వెంకటేశులు కూతురు. పద్యం చదివితే వీధిలో పోయేవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. లెక్క అడిగితే నేను నల్లబల్ల మీద వేసుకునేలోపల జవాబు చెప్పేది. ఇరవై మూడు పద్నాలుగులు ఎంతే అంటే, కళ్ళు ఒక్కసారి మూసి, "మూడు వందల ఇరవై రెండు టీచరమ్మా" అనేది. నాకు గుండె ఉప్పొంగిపోయేది. ఈ పిల్లను వదలకూడదు అనుకున్నాను.

దాని పక్కన ఎప్పుడూ హనుమక్క కూర్చునేది. యాడికి దగ్గర పల్లె వాళ్ళది. వరసగా మూడేండ్లు వాన లేక చేలో వేసిన వేరుశెనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. తండ్రి పోయాక తల్లి చెన్నమ్మ ఆ పిల్లను చంకనేసుకుని ధర్మవరం వచ్చి, వెంకటేశులు ఇంట్లో పట్టు చుట్టే పనికి కుదిరింది. సన్నటి పిల్ల. వేళ్ళకు ఎప్పుడూ రంగు అంటుకుని ఉండేది. ఏమడిగినా తలొంచుకునేది. నేనడిగిందీ తక్కువే. హాజరు పిలిచినప్పుడు "ప్రజెంట్" అనడం తప్ప దాని గొంతు నాకు జ్ఞాపకం లేదు.

ఒకసారి రామాంజినమ్మ రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు క్లాసు వదిలేసి వాళ్ళింటికి పోయాను. ఇల్లంతా టకటకమని మగ్గాల మోత. ఆ మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. చిన్న మగ్గం మీద రామాంజినమ్మ మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంది. నడుమ ఒక రంగు, అంచు ఒక రంగు ఉండే చీరకు ఇద్దరు కావాలి. గుంతలో కూర్చున్నవాళ్ళు చీర నేస్తారు, పక్కన కూర్చున్నవాళ్ళు అంచు వరకు దారం కండె ఉండే నాడె వేసి అందిస్తుంటారు. పక్కన కూర్చున్నది హనుమక్క.

"ఏమప్పా వెంకటేశులూ, బంగారం లాంటి పిల్లను గుంతలో దింపినావే, నీకు బుద్ధుండాదా?" అని అరిచాను.

అతను నేయడం ఆపి లేచి నిలబడ్డాడు. "రెండు దినాలే టీచరమ్మా. పెండ్లి చీర. ముహూర్తానికి ఇయ్యల్ల."

"నీ చీర రెండు దినాలు లేటయితే ఆ పెండ్లేమీ ఆగదు. వేరే చీర కట్టుకుంటారు. నా పిల్లను పంపించు."

నా పిల్ల అనే అన్నాను. వెంకటేశులు మంచివాడు, పంపించాడు. రామాంజినమ్మ చెయ్యి పట్టుకుని వీధిలో నడిపించుకొచ్చాను. బడి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే హనుమక్క కూడా వస్తూ ఉంది. అదీ ఆ రెండు రోజులూ రాలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. తట్టి, మళ్ళీ మరిచిపోయాను.

ఆ వేసవికి ముందు సర్కారు కాగితం వచ్చింది. తెలివైన పేద ఆడపిల్లల కోసం కొత్తగా హాస్టలు బడి పెట్టారు. ఒక్కో బడి నుంచి ఒక్క పిల్ల పేరే పంపాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి నోటి పరీక్ష పెడతాడు. నెగ్గితే ఐదో తరగతి నుంచి అక్కడే చదువు. కాగితం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఒక్క సీటు. అది రామాంజినమ్మకు రావాలని నేను మొక్కుకోని దేవుడు లేడు.

మా హెడ్మాస్టరు శ్రీరంగప్పగారు మాత్రం కాగితాన్ని సొరుగులో పెట్టేశారు. పాతకాలం మనిషి, నెమ్మదస్తుడు.

"ఎందుకమ్మా ఇది? మనముండేది ఇద్దరం. పిల్లకాయలు నూట అరవై మంది. మూడో తరగతికి ఎక్కాలు చెప్పేది ఎవరు? నీ రామాంజినమ్మే కదా. అట్లాంటోళ్ళను ఏరుకోని పోతే ఈడ మిగిలేదేంది? అంచు కోసుకోని పోయి, చీర మీకే ఉంచినాములే అంటే ఎట్ల?"

"అది మీకు జీతం లేని టీచరా సార్?" అన్నాను. "దానికి వచ్చిన లెక్క అది చేసుకోవల్ల గానీ, మూడో తరగతికి కాపలా ఎందుకు కూర్చోవల్ల? మీ బిడ్డయితే ఇట్లే ఆపుతారా?"

"కోపం చేసుకోవద్దు. పోయిన పిల్ల బాగుపడుతుంది, నేను కాదనడం లేదు. మిగిలినోళ్ళను చూసేది ఎవరు? వాళ్ళూ పిల్లలే కదా."

"నేను చూస్తాను."

"చూస్తావా?"

"చూస్తానని చెప్తాండాను కదా సార్! రాసియ్యమంటారా?"

ఆయన నవ్వి సొరుగులోంచి కాగితం తీసిచ్చారు. ఆ రోజు గెలిచానని సాయంత్రం ఇంట్లో పాయసం చేసుకున్నాను.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు రామాంజినమ్మకు నేనే జడలు వేశాను. పిల్ల వణుకుతూ ఉంది. "సార్, బెదురుకుంటుంది, కూర్చునే చెప్పనివ్వండి. ఆ స్నేహితురాలిని పక్కనే ఉండనివ్వండి" అని నేనే బతిమాలాను. ఆయన సరేనన్నాడు. ఇద్దరూ నేల మీద చాప వేసుకుని, మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చున్నారు. పద్యాలు అడిగాడు, గంట కొట్టినట్టు చదివింది. పదిహేడు ఇరవై నాలుగులు అడిగాడు. పిల్ల కళ్ళు మూసింది. "నాలుగు వందల ఎనిమిది." భిన్నాలు అడిగాడు, చెప్పింది. వడ్డీ లెక్క ఐదో తరగతిది, అదీ చెప్పింది. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడ దొరికిందమ్మా ఈ పిల్ల మీకు?" అన్నాడు. హనుమక్క తలొంచుకుని తన పావడా అంచు చూసుకుంటూ ఉంది.

జూన్‌లో రామాంజినమ్మ బస్సెక్కింది. వీధంతా వచ్చింది. వెంకటేశులు కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. పిల్ల మాత్రం బస్సు కిటికీలోంచి హనుమక్క చెయ్యి వదలలేదు. కండక్టరు అరిస్తేగానీ విడిచిపెట్టలేదు. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్న పిల్లలు, అంతేలే అనుకున్నాను.

జూలైలో హనుమక్క బడికి రావడం మానేసింది. వెంకటేశులుకు ఇంట్లో ఒక మనిషి తగ్గింది. పెద్ద మగ్గం పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. కారణం నాకు తెలుసు. పోయి అడగాల్సింది. వాన రాక ఊరంతా దుమ్ము, ఎండ ఇంకా తగ్గలేదు, క్లాసులో యాభై మంది. సుమారుగా చదివే పిల్ల, ఇవాళ కాకపోతే రేపు మానేసేదే అనుకున్నాను. ఇలా అనుకున్నానని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆగస్టులో హాజరు పట్టీలో ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టాను. నా చేత్తో నేనే, గీత వంకర పోకుండా స్కేలు పెట్టి మరీ కొట్టాను.

నవంబరులో శ్రీరంగప్పగారు నన్ను పిలిచి ఒక ఉత్తరం చేతికిచ్చారు. హాస్టలు బడి నుంచి వచ్చింది. మీరు పంపిన పిల్లకు చిన్న గుణకారాలు కూడా రావడం లేదు, ఏమడిగినా నోరు విప్పదు, తిండి కూడా సరిగా తినడం లేదు, తండ్రి వచ్చి తీసుకుపోయాడు అని ఉంది. చదివి నాకు మతి పోయింది. వాళ్ళను బండబూతులు తిట్టాను. పిల్లను బెదరగొట్టి ఉంటారన్నాను. ఉత్తరం చేతిలో పట్టుకుని వెంకటేశులు ఇంటికి పరుగెత్తాను.

మగ్గాలు మోగుతున్నాయి. చిన్న మగ్గం మీద గుంతలో రామాంజినమ్మ కూర్చుంది. మనిషి సగమైంది. పక్కన హనుమక్క. నన్ను చూసి ఇద్దరూ చేతులు ఆపారు.

"ఏమైందే నీకు? ఇరవై మూడు పద్నాలుగులు రాదా నీకు?" అని గట్టిగా అరిచాను. "ముప్పై ఆరు పదిహేనులు ఎంత? చెప్పు!"

రామాంజినమ్మ కళ్ళు మూసింది. అప్పుడు చూశాను. గుంత పక్కన కూర్చున్న హనుమక్క చెయ్యి రామాంజినమ్మ తొడ మీదికి పోయింది. ఐదు వేళ్ళు ఆనించింది. తీసి నాలుగు వేళ్ళు ఆనించింది. తర్వాత పిడికిలి.

"ఐదు వందల నలభై టీచరమ్మా" అంది రామాంజినమ్మ.

మోతలో మాట వినపడదు కాబట్టి మగ్గం మీద వాళ్ళు వేళ్ళతో చెప్పుకుంటారు. ఇన్ని దారాలయ్యాయి, రంగు మార్చు, బుటా వెయ్యి అని పక్కనున్నవాళ్ళు లెక్కబెట్టి తొడ మీద తాకి చెబుతారు. సున్నకు పిడికిలి, ఐదు దాటిన అంకెకు వేళ్ళు ఆనించి నొక్కుతారు. ఈ వీధిలో మూడేండ్ల పిల్లకు కూడా తెలిసిన సంగతి. అంగట్లో పెరిగిన నాకు తెలియలేదు. నేను గడప మీదే కూర్చున్నాను.

"ఎప్పటి నుంచే ఇది?"

"ఏది టీచరమ్మా?" రామాంజినమ్మకు నిజంగానే అర్థం కాలేదు.

"లెక్క చెప్పేది అదా, నువ్వా?"

"అదే. లెక్క దానిది, చెప్పేది నేను. పద్యం నాదే." కొంచెం ఆగి, భయంగా అంది. "ఆడ పక్కన ఎవరూ లేరు టీచరమ్మా."

నేను హనుమక్క వైపు తిరిగాను. "నీకు నోరు లేదా? నువ్వెందుకు చెప్పలేదే నాకు?"

అది తలొంచుకునే జవాబు చెప్పింది. దాని గొంతు నేను సరిగా విన్నది అదే మొదలు. "గుంతలో కూసున్నోళ్ళే కదా టీచరమ్మా మాట్లాడేది. పక్కన ఉండేటోళ్ళు మాట్లాడరు. మీరు అడిగింది దాన్ని. నన్ను అడగలేదు కదా."

వాళ్ళు దొంగతనం చేయలేదు. చీర నేసినట్టే లెక్క చేశారు. చీర ఎవరు నేశారంటే గుంతలో కూర్చున్నవాళ్ళ పేరే చెబుతారు, అది వాళ్ళకు న్యాయం. వెంకటేశులు కూడా, "ఇద్దురూ ఒకటే కదమ్మా, ఏమైంది ఇప్పుడు?" అని అమాయకంగా అడిగాడు. ఏమైందో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందరి మీదో అరిచిన నోరు.

అక్కడే నేల మీద బొగ్గుతో లెక్కలు రాసి హనుమక్కకు ఇచ్చాను. ఐదో తరగతివి, ఆరువి, చివరికి నాకు ట్రైనింగులో చెమటలు పట్టించిన లెక్క ఒకటి. అది అన్నీ చేసింది. చివరిది నేను నేర్చుకున్న పద్ధతిలో కాకుండా వేరే దారిలో, నాకంటే తక్కువ అడుగుల్లో చేసింది. దారాలను ఇరవైలుగా, నూట ఇరవైలుగా పోగేసుకుని లెక్కబెడతాం కదా, అట్లే చేసినా అంది. చెన్నమ్మ పట్టు చుట్టడం ఆపి గోడకానుకుని చూస్తూ ఉంది.

"చెన్నమ్మా, దీన్ని నాకియ్యి. ఆ సీటు దీనిది. రామాంజినమ్మ వచ్చేసింది కాబట్టి ఖాళీగానే ఉంటుంది. నేను పోయి మాట్లాడుకోనొస్తా" అన్నాను.

చెన్నమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "మీ ఇష్టం టీచరమ్మా. ఈసారన్నా..." అని, మాట మింగేసి, "తీసుకోని పోండి" అంది. ఈసారన్నా అంటే ఏమిటో నేను అడగలేదు. ఆ తొందరలో పట్టించుకోలేదు.

శ్రీరంగప్పగారు అంతా విన్నారు. నేను ముందే చెప్పలేదా అని ఒక్క మాట కూడా అనలేదు. కండువా భుజాన వేసుకుని, "పా అమ్మా, మొదటి బస్సుకే పోదాం" అన్నారు. మరుసటి రోజు అనంతపురం ఆఫీసులో గంటలకొద్దీ బల్ల మీద కూర్చున్నాం. చివరికి ఆఫీసరు పిలిచి, నేను చెప్పింది ఓపికగానే విన్నాడు.

"సీటు ఇంకా ఖాళీగానే ఉండాదమ్మా. ఈ ఏడు ఐదో తరగతిలో పేరుండి, బడికి వస్తాండే పిల్లయితే ఇస్తాం. ఏదీ, హాజరు పట్టీ తెచ్చినారా?"

తెచ్చాం. ఆయన పేజీ తిప్పాడు. ఎర్ర గీత మీద వేలు పెట్టాడు.

"ఈ పిల్లేనా?"

"ఈ పిల్లే సార్."

"జూలై నుంచి ఒక్క దినం కూడా రాలేదే. ఆగస్టులో పేరు తీసేసినారు. సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"మీరే చదువు మానేసిందని కొట్టేసినారు. మీరే తెలివైన పిల్ల అని తెచ్చినారు. ఇందులో ఏది రాసుకోమంటారు నన్ను?"

శ్రీరంగప్పగారు బతిమాలారు. ఆయన అంత వంగి మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. కుదరదన్నాడు ఆఫీసరు. పోనీ వచ్చే ఏడంటే వయసు దాటిపోతుందన్నాడు. ఆయనను తిట్టుకుని ప్రయోజనం లేదు. ఆ సీటు వారం రోజుల్లో వేరే బడి పిల్లకు పోయింది. ఆ పిల్లయినా బాగా చదువుకుని ఉంటే చాలు.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. బస్టాండు నుంచి నేరుగా వాళ్ళింటికే పోయాను. హనుమక్క గడప మీద కూర్చుని ఉంది. తలకు నూనె రాసి బిగించి జడ వేశారు. రెండు చేతులూ ఎర్రగా కంది ఉన్నాయి. వేళ్ళకున్న రంగు పోవాలని పొద్దుటి నుంచి చింతపండు పెట్టి రుద్దుకుందట. అంత రుద్దినా గోళ్ళ చుట్టూ నీలం అట్లే ఉంది.

"ఇయ్యలేదే హనుమక్కా" అన్నాను.

అది ఏడవలేదు. "సరేలే టీచరమ్మా" అని లోపలికి పోయి పెద్ద మగ్గం పక్కన కూర్చుంది. నేనే వీధిలో ఏడ్చుకుంటూ ఇంటికి పోయాను. చూసినవాళ్ళు ఎవరో పోయారనుకున్నారు.

మన బడికే రావే అని ఆ తర్వాత నాలుగుసార్లు పోయి అడిగాను. పోయిన ప్రతిసారీ మగ్గం మీద సగం చీర ఉండేది. ఇది తెగి మగ్గం దిగినాక పంపిస్తాలే అనేవాడు వెంకటేశులు. అది తెగేసరికి ఇంకొకటి ఎక్కేది. రామాంజినమ్మ మాత్రం బడి మాటెత్తితేనే లోపలికి పోయి దాక్కునేది. పద్యం కూడా మళ్ళీ చదవలేదు. ఇప్పుడది రాయదుర్గంలో కాపురముండి ప్యాంట్లు కుట్టే షెడ్డుకు పోతుంది. హనుమక్కకు పదహారో ఏట ఈ వీధిలోనే పెళ్ళయింది. మొగుడు గుంతలో కూర్చుంటాడు, ఇది పక్కన కూర్చుంటుంది.

శ్రీరంగప్పగారు రిటైరయిన రోజు నాతో, "అమ్మా, ఆ పొద్దు మనిద్దరిలో ఎవరిది న్యాయమంటావు?" అని అడిగారు. వేరే బడి ఉండాలన్నది నేను, వద్దన్నది ఆయన. "ఆ బడి ఉండల్ల సార్, అందులో హనుమక్క ఉండల్ల" అన్నాను. ఆయన కండువా భుజాన వేసుకుని గేటు వైపు నడిచారు.

ఈ జూన్‌లో హనుమక్క తన కూతురిని ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చింది. నన్ను చూసి తల దించుకోలేదు. ఇరవై రెండేండ్ల మనిషి, అప్పుడే కళ్ళ కింద నలుపు. నేను పేరు రాసుకుంటూ, నోటికొచ్చిన తెలివితక్కువ మాట ఒకటి అడిగేశాను. "నీ అంత తెలివుండాదా దీనికి?"

"నాకు తెలీదు టీచరమ్మా. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు." వెళ్ళబోతూ ఆగింది. "ఇది నాలుగు దినాలు రాకపోతే మాత్రం ఒకసారి మా ఇంటికి రాండి."

వస్తానని మాటిచ్చాను. నాలుగు రోజులు ఆగలేదు. మొన్నటి మీటింగు తర్వాత సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళవారం హాజరు పిలిచాను, పలకలేదు. పట్టీ మూసేసి, పక్క క్లాసు మాస్టరును నా పిల్లలను చూడమని చెప్పి, చెప్పులేసుకుని పోయాను. ఎండ మాడిపోతోంది. ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు. అయినా నిలబడకుండా నడిచాను.

పిల్లకు ఏమీ కాలేదు. చెన్నమ్మ యాడికిలో బంధువుల ఇంటికి వెంట తీసుకుపోయిందట, రేపు వస్తుందట. ఆ మాట హనుమక్క మొగుడు చెప్పాడు. హనుమక్క మగ్గం పక్కనే ఉంది. గుమ్మంలో నన్ను చూసి దాని చేతిలో నాడె ఆగిపోయింది. లేచి రాలేదు. నా ముఖం, నా దుమ్ము కాళ్ళు, నా ముఖం, అట్లే చూస్తూ ఉంది.

"రెండు దినాలకే వచ్చినారే టీచరమ్మా" అంది.

"వస్తానన్నాను కదే."

పన్నెండేండ్లలో ఒక్కసారి కూడా నా ముందు ఏడవని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపులోనే చెప్పింది.

"ఆ జూలైలో మా అమ్మ నాతో ఒక మాటన్నాది. రామాంజినమ్మ కోసం వచ్చినట్ల నీ కోసం టీచరమ్మ వచ్చి అడగనీ, వెంకటేశులన్న కాళ్ళు పట్టుకునైనా నిన్ను బడికి పంపిస్తా అన్నాది. ఎనిమిది దినాలు గడప మీద కూసున్నా టీచరమ్మా. మీరు బడికి పోయేది, వచ్చేది ఆడి నుంచి కనపడేది. గొడుగేసుకోని పోతాంటిరి."

ఆ గొడుగు నాకు జ్ఞాపకముంది. నల్లది, ఒక పుల్ల విరిగి ఉండేది. వాళ్ళ వీధి మొగదల మీదుగానే రోజూ పోయేదాన్ని.

మొగుడు తలొంచుకుని గుంతలో కాళ్ళు పెట్టుకునే ఉన్నాడు. పక్కింట్లో మగ్గం మోగుతూనే ఉంది. కాసేపటికి హనుమక్క కళ్ళు తుడుచుకుని నాడె తీసుకుంది. నేను గడప మీద, తను అప్పుడు కూర్చున్నట్టే కూర్చున్నాను. మొగుడు మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు, హనుమక్క అతని తొడ మీద వేళ్ళానించి లెక్క చెబుతూ ఉంది.